పగలు చూసిన ఒడ్డునే రాత్రి గాలం వేయండి

రాత్రిపూట బీచ్‌లో నిలబడి సముద్రంలోకి గాలం వేయడం గురించి కిందటి సంచికలో నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని నేననుకోలేదు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, వీలైనన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. నేను విశాఖ, భీమిలి ఒడ్డున ఇరవై ఏళ్లుగా గాలం వేస్తున్నవాణ్ణి కాబట్టి నా మాటల్లో ఆ ఒడ్డే ఎక్కువ కనిపిస్తుంది.

ప్రశ్న: మేం ముగ్గురు స్నేహితులం తలా ఒక పన్నెండడుగుల రాడ్, మంచి రీలు కొన్నాం. రాత్రి ఎనిమిది నుంచి తెల్లారి నాలుగు దాకా వేశాం. వీడియోల్లో చూసి బాగా ప్రాక్టీస్ చేశాం, ఎనభై మీటర్ల పైనే విసరగలం. అయినా దొరికింది ఒక్క జెల్ల చేప. తప్పెక్కడ జరిగింది? – ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: మీ ఉత్తరంలో రాడ్ గురించి ఉంది, రీలు గురించి ఉంది, ఎంత దూరం విసిరారో ఉంది, కానీ ఆ ఒడ్డు ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. చీకటి పడ్డాక చేరుకుని, కారు ఎక్కడ ఆపారో అక్కడే నిలబడి వేసుంటారని నా అనుమానం.

బీచ్ ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుందనుకుంటాం గానీ నీళ్ల కింద అలా ఉండదు. ఒడ్డుకి కొంత దూరంలో ఇసక దిబ్బలా పేరుకుని ఉంటుంది, కెరటం వచ్చి ముందు దాని మీద విరుగుతుంది. ఆ దిబ్బకీ ఒడ్డుకీ మధ్య కాలువలాగా పొడుగ్గా ఒక గుంట ఉంటుంది. దిబ్బ మీద విరిగిన కెరటం ఇసకని కెలుకుతుంది కదా, అప్పుడు చిన్న పీతలు, రొయ్యలు, చిన్న చేపలు అన్నీ దొర్లుకుంటూ వచ్చి ఈ గుంటలో పడతాయి. చీకటి పడగానే పెద్ద చేప తిండి కోసం అక్కడికే వస్తుంది. చాలా బీచ్‌ల్లో ఆ గుంట ఒడ్డు నుంచి ఇరవై, ముప్ఫై అడుగులేస్తే వచ్చేస్తుంది. మీరు ఎనభై మీటర్లు విసిరి చేపల నెత్తి మీదుగా ఎరని అవతలికి పంపేశారు.

అందుకే వేటకి వెళ్లే రోజు సాయంత్రం నాలుగింటికల్లా, నీళ్లు బాగా వెనక్కి వెళ్లిన పాటు సమయంలో అక్కడ ఉండండి. గాలం తీయకండి, కాస్త ఎత్తుగా ఉన్న ఇసక మీద నిలబడి ఒక పావుగంట చూడండి. తెల్లటి నురగ గీతలా లేచే చోట దిబ్బ ఉన్నట్టు. రెండు నురగ గీతల మధ్య నీళ్లు నున్నగా, ముదురు రంగులో కనిపిస్తే అది లోతు. దిబ్బకి మధ్యలో ఎక్కడో ఒకచోట గండి ఉంటుంది, అక్కడ కెరటం విరగదు, నురగ, చెత్త, ఇసక రంగు నీళ్లు తిరిగి సముద్రంలోకి పోతుంటాయి. ఆ గండికి రెండు పక్కలా, ఆ గుంట పొడుగునా ఎర పడాలి. చీకట్లో మళ్లీ అదే చోటు దొరకాలంటే వెనకనున్న కొబ్బరిచెట్టో, ఒడ్డుకి లాగిపెట్టిన పడవో, కరెంటు స్తంభమో గుర్తు పెట్టుకోండి. సముద్రం లోపలికి వెళ్లే మత్స్యకారులు చేసేదీ ఇదే, ఒడ్డు మీద కొండనీ, ఇంకో గుర్తునీ ఒక వరసలోకి తెచ్చుకుని తమ చోటు పట్టుకుంటారు.

ఇక పోటు సంగతి. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది, అంటే ఇవాళ వచ్చిన టైముకి రేపు ఇంకో యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకి, పౌర్ణమికి నీటి ఊపు ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. అమావాస్య దాటిన రెండు మూడు రోజుల్లో విశాఖ వైపు సాయంత్రం పాటు పడి, రాత్రి తొమ్మిది, పదకొండు మధ్య సుమారుగా పోటు నిండుతుంది. పగటి వెలుగులో ఒడ్డు చూసుకోవచ్చు, ఎక్కే నీళ్లలో గాలం వేయొచ్చు, చీకటి కూడా ఉంటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజులివే. పోటు నిండడానికి ముందు రెండు గంటలు, నీళ్లు తిరిగిన తర్వాత ఒక గంట, మొత్తం మూడు గంటలు శ్రద్ధగా వేస్తే చాలు. మీరు ఎనిమిది గంటలు నిలబడ్డారు, అందులో సగం సేపు చేపలు అక్కడ లేవు.

ఇంకొకటి, దారానికి బరువు కోసం కట్టే సీసం గుండ్రటిది వాడితే కెరటానికి అది దొర్లిపోతుంది, ఎర గుంటలోంచి ఒడ్డు మీదికి వచ్చేస్తుంది. పలకలుగా, కొన తేలి ఉన్న సీసం ఇసకలో దిగబడి నిలబడుతుంది. రాడ్ కొనని చూడ్డం కూడా అలవాటు కావాలి. కెరటం లాగితే కొన మెల్లగా వంగి మెల్లగా లేస్తుంది, తాళం వేసినట్టు ఒకే తీరుగా. గొరస చేప పట్టుకుంటే ఆ తాళం తప్పుతుంది, టక్ టక్ అని రెండుసార్లు కొట్టి ఆగుతుంది, వెంటనే లాగకండి, మళ్లీ కొట్టనివ్వండి. మాగ చేప అయితే అసలు ఆగదు, ఒక్కసారిగా పక్కకి పరుగు తీస్తుంది. టేకు (చదునుగా ఉండి తోకలో ముల్లున్న చేప) పడితే బరువైన గోనెసంచి లాగుతున్నట్టే ఉంటుంది, ఊపు ఉండదు, అడుగుకి అతుక్కుని కూర్చుంటుంది.

ప్రశ్న: ఎర ఏది మంచిది? ఫ్రిజ్‌లో పెట్టిన రొయ్య పనికొస్తుందా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పనికొస్తుంది గానీ మెత్తబడిపోయి మొదటి విసురుకే ఊడిపోతుంది. సన్నటి కుట్టుదారంతో నాలుగు చుట్లు చుట్టండి. ఆ రోజు సాయంత్రం మార్కెట్లో కొన్న పచ్చి రొయ్య, కవ్వ చేప ముక్క, స్క్విడ్ ముక్క, ఈ మూడూ ఉంటే రాత్రికి సరిపోతాయి. నది కలిసే చోట పండుగప్ప కోసం అయితే బతికున్న చిన్న చేప కావాలి. పది నిమిషాలకోసారి గాలం ఖాళీగా తిరిగొస్తుంటే అది పీతల పని, ఎర మార్చి లాభం లేదు, ఇరవై అడుగులు పక్కకి జరగండి.

ప్రశ్న: మావారు ప్రతి శనివారం రాత్రి ఇద్దరు స్నేహితులతో గాలం వేయడానికి వెళ్తారు. తిరిగొచ్చేదాకా నాకు నిద్ర పట్టదు, ఫోన్ చేస్తే ఎత్తరు, ఒకటే టెన్షన్. మానేయమని చెప్పడం నాకిష్టం లేదు, వారమంతా కష్టపడి ఆ ఒక్క రాత్రి కోసం చూస్తారు. ఏం జాగ్రత్తలు తీసుకోమనాలి? – ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భయం ఉత్తదేం కాదు, దాన్ని చిన్నది చేసి మాట్లాడను. నాకు జరిగిందొకటి చెప్తాను, ఇది మీవారికి కూడా చదివి వినిపించండి.

పదేళ్ల కిందట, పౌర్ణమి దాటిన రెండో రోజు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట నేనూ, నా స్నేహితుడూ సాయంత్రం అయిదున్నరకి మోకాలి లోతు నీళ్లు దాటి అవతల ఇసక తిన్నె మీదికి వెళ్లాం. మంచి వేట పడింది, మూడు గొరసలు, ఒక మాగ. పదిన్నరకి ఇక చాలనుకుని లైటేసి వెనక్కి నడిస్తే, మేం దాటొచ్చిన చోట నీళ్లు నల్లగా వెడల్పుగా ఉన్నాయి. నేను ముందు దిగాను. నాలుగో అడుగుకి నడుం దాటింది, అయిదో అడుగులో కాలి కింద ఇసక జారిపోతోంది, నీళ్లు సముద్రం వైపు కాదు, నది లోపలికి తోస్తున్నాయి, పోటు కదా. నా స్నేహితుడు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. జేబులో ఫోన్ తడిసి ఆరిపోయింది. ఇద్దరం ఆ తిన్నె మధ్యలో ఎత్తు చూసుకుని వీపుకి వీపు ఆనించి కూర్చున్నాం. సగం గంటకోసారి లేచి ఇసకలో గుచ్చిన కర్ర దగ్గర నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూడ్డం, మళ్లీ కూర్చోడం. రెండున్నర దాటాక నీళ్లు తీశాయి, దాటేశాం. ఇంటికెళ్లేసరికి మా ఆవిడ వీధి మెట్ల మీద కూర్చుని ఉంది.

మాకు ఈత రాక కాదు, ఇద్దరికీ వచ్చు. ఒడ్డు చూశాం, చేప ఎక్కడుంటుందో చూశాం, తిరిగొచ్చే దారి పోటులో ఏమవుతుందో చూడలేదు.

అందుకని మీవారితో ఒప్పందాలు చేసుకోండి. నది సముద్రంలో కలిసే మొగల్లో తిన్నె అవతలికి దాటకూడదు. నీళ్లలోకి మోకాలు దాటి దిగకూడదు, గాలం చిక్కుకుంటే దారం తెంపేయాలి, దాని వెంట వెళ్లకూడదు. పైన చెప్పిన గండి ఉంది చూశారా, గాలానికి అది ఎంత మంచిదో మనిషికి అంత ప్రమాదం, కెరటాలు లేకుండా ప్రశాంతంగా కనిపిస్తుంది గానీ నీళ్లన్నీ దాంట్లోంచే వేగంగా లోపలికి పోతాయి. రుషికొండలో, యారాడలో, ఇటు సూర్యలంకలో జనం కొట్టుకుపోయేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి, కెరటాలు విరిగే చోటికి వచ్చాక ఒడ్డుకి తిరగాలి. తలకి కట్టుకునే లైటు, లైఫ్ జాకెట్, మెడలో విజిల్ ఉండాలి. ఫోన్ నీళ్లు చొరని కవరులో. రాళ్ల మీద నిలబడేది ఉంటే (తెన్నేటి పార్కు కింద చాలామంది నిలబడతారు) నా మాటగా వద్దని చెప్పండి, రాత్రి రాళ్ల మీద నాచు కనపడదు, పెద్ద కెరటం ఎప్పుడొస్తుందో తెలీదు.

బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ల అలల హెచ్చరిక చూడమనండి. ఇక్కడ గాలి లేకపోయినా ఎక్కడో హిందూ మహాసముద్రంలో దక్షిణాన వచ్చిన తుఫాను వల్ల కొన్ని రోజుల తర్వాత మన ఒడ్డుకి పెద్ద అలలు చేరతాయి, ఆకాశం చూసి అది కనిపెట్టలేం. ఉరుము వినపడిందంటే రాడ్ కింద పెట్టేసి కారులోకి వెళ్లిపోవాలి, ఇప్పటి కార్బన్ రాడ్‌లలోంచి కరెంటు బాగా పోతుంది.

మీరు చేయాల్సింది ఒక్కటే. ఏ చోటికి వెళ్తున్నారు, ఎన్నింటికి తిరుగుతారు అన్నది కాగితం మీద రాయించుకోండి. ఆ టైముకి ఒక గంట దాటి ఫోన్ లేకపోతే మొహమాటపడకుండా 112కి చేయండి. తీర భద్రతకి మెరైన్ పోలీసుల నంబరు 1093, కోస్ట్ గార్డ్ 1554. ఈ మూడూ ఇంట్లో గోడకి అంటించండి.

ప్రశ్న: గాలం నుంచి జెల్ల తీస్తుంటే ముల్లు అరచేతిలో దిగింది. స్నేహితులు పసుపు పెట్టారు, ఒకరు తాడు బిగించి కట్టమన్నారు. రెండు రోజులు చెయ్యి వాచిపోయింది. ఏం చేసుండాల్సింది? – ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: వేడి నీళ్లు. జెల్ల ముల్లుకైనా, టేకు తోకముల్లుకైనా మొదటి సాయం అదే. కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి, అంటే సుమారు 45 డిగ్రీలు. నొప్పిలో వేడి సరిగ్గా తెలీదు కాబట్టి ముందు రెండో చేత్తో చూసుకోవాలి. ముప్ఫై నిమిషాల నుంచి గంటన్నర దాకా ఉంచితే ఆ విషం బలం తగ్గుతుంది, నొప్పి దిగుతుంది. అందుకే నేను ఫ్లాస్కులో టీ ఒకటి, ఉత్త వేడినీళ్లు ఒకటి పట్టుకెళ్తాను. తాడు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. ముల్లు లోతుగా విరిగి ఉండిపోతే మనం కెలక్కుండా ఆస్పత్రికి వెళ్లాలి, వెళ్లి టెటనస్ ఇంజెక్షన్ తప్పకుండా వేయించుకోవాలి. పొట్టలోనో ఛాతీలోనో గుచ్చుకుంటే వేడినీళ్ల కోసం కూడా ఆగొద్దు. జెల్లకి వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెక్కల దగ్గర ఒక్కోటి, మొత్తం మూడు ముళ్లుంటాయి. తడిగుడ్డతో కాదు, పొడుగు ముక్కు పట్టకారుతో గాలం తీయండి. నీళ్లలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా ఇసకలో ఈడుస్తూ నడిస్తే టేకు ఉన్నా పక్కకి తప్పుకుంటుంది.

ప్రశ్న: మత్స్యకారుల ఊరి ముందు బీచ్‌లో గాలం వేస్తుంటే తెల్లవారుజామున వాళ్లొచ్చి గట్టిగా కేకలేసి మమ్మల్ని పంపేశారు. బీచ్ అందరిదీ కదా? – ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: బీచ్ అందరిదీ, నిజమే. కానీ బాబూ, వాళ్లు ఎందుకు కేకలేశారో ఎవరైనా నీకు చెప్పారా? అక్కడ అలివి లాగుతారు. అలివి వల అంటే, ఒక తాడు కొస ఒడ్డు మీద ఉంచి, పడవ మీద వలని సముద్రంలోకి తీసుకెళ్లి అర్ధచంద్రాకారంలో వదులుకుంటూ, ఇంకో తాడు కొసని కొంత దూరంలో మళ్లీ ఒడ్డుకి చేరుస్తారు. అప్పుడు రెండు జట్లు, ముసలివాళ్ల నుంచి కుర్రాళ్ల దాకా, రెండు వైపులా నిలబడి గంటా గంటన్నర లాగుతారు, లాగుతూ లాగుతూ రెండు జట్లూ దగ్గరకొస్తాయి. పడిన చేపని అక్కడే వాటాలేసుకుంటారు, ఆడవాళ్లు అక్కడే వేలం పాట పాడి కొని గంపలకెత్తుకుని మార్కెట్టుకి బయల్దేరతారు. ఆ రోజు ఆ ఇళ్లలో పొయ్యి వెలిగేది దాని మీదే.

నీ దారం తెగి సముద్రంలో మిగిలిన గాలం ఆ వలకి తగిలితే దాని గళ్లు తెగుతాయి. ఇసకలో పడేసిన గాలం ఉత్త కాళ్లతో తాడు లాగేవాడి పాదంలో దిగుతుంది. అలా దిగిన ఒక పెద్దాయన్ని నేను చూశాను, వారం రోజులు లాగడానికి రాలేదు, ఆ వారం వాటా లేదు. సాయంత్రం ఒడ్డు చూడ్డానికి వెళ్లినప్పుడే వల బాగుచేసుకుంటున్న ఎవరినైనా "మావా, ఇక్కడ అలివి వేస్తారా, మేం ఎటువైపు కూర్చోమంటారు" అని అడుగు. నేను ఇన్నేళ్లలో అలా అడిగితే కాదన్నవాళ్లని చూడలేదు, పైగా గుంట ఎక్కడుందో, నిన్న ఏ చేప తగిలిందో వాళ్లే చెప్తారు. నాకు ఈ విద్య వచ్చింది కూడా అలా అడగడం వల్లే.

ప్రశ్న: వేట నిషేధం రోజుల్లో గాలం వేయొచ్చా? – ఇద్దరు పాఠకులు

జవాబు: మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల నిషేధం మరబోట్లకీ, మోటారు పడవలకీ. ఒడ్డున గాలం దాని కిందికి రాదు. పోర్టు, నేవీ హద్దుల్లో మాత్రం అడుగు పెట్టకండి. సూర్యలంకలో కూడా ఎయిర్ ఫోర్స్ స్టేషన్ ఉంది, ఎక్కడ ఉండొచ్చో స్థానికంగా అడిగి వెళ్లండి.

ప్రశ్న: ఫిబ్రవరిలో కళింగపట్నం దగ్గర రాత్రి గాలం వేస్తుంటే పెద్ద సముద్రపు తాబేలు మా పక్కనుంచే ఒడ్డెక్కింది. ఫొటోలు తీయబోతే వెనక్కి వెళ్లిపోయింది. మేం తప్పు చేశామా? – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: తెలియక చేశారు, ఇక చేయకండి. అది ఆలివ్ రిడ్లీ తాబేలు, గుడ్లు పెట్టడానికి వచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా మన ఒడ్డుకి ఎక్కువగా వస్తాయి. లైటు కనిపించినా, మనిషి కదిలినా ఇంకా గొయ్యి తవ్వకముందైతే అలా తిరిగి వెళ్లిపోతుంది.

నేనొకసారి లైట్లన్నీ ఆర్పేసి, దూరంగా వెనకవైపు పడుకుని చివరిదాకా చూశాను. వెనక కాళ్లు రెండూ చేతుల్లా వాడుతుంది. ఒక కాలితో దోసెడు ఇసక తీసి మెల్లగా పక్కన పెట్టి, రెండో కాలితో ముందు పోసిన ఇసకని విదిలిస్తుంది, మళ్లీ ఇది, మళ్లీ అది, కుండ ఆకారంలో మూరెడు లోతు గొయ్యి అయ్యేదాకా. గట్టిగా ఊపిరి వదిలే చప్పుడు నాకు వినిపించింది. వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసక కప్పేసి, దాని మీద ఒళ్లంతా ఆనించి దబదబా కొట్టి చదును చేసి, కెరటాల్లోకి వెళ్లిపోయింది. మీ శ్రీకూర్మం గుళ్లో దండం పెట్టుకునేది ఆ రూపానికే కదా, ఒడ్డు మీద కనిపించినప్పుడు కూడా అంతే మర్యాద ఇవ్వండి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్న ప్రాణి అది, గుడ్లు తీయడం పెద్ద నేరం. ఎక్కడ పెట్టిందో గుర్తు పెట్టుకుని అటవీశాఖ వాళ్లకి చెప్పండి. సుమారు యాభై రోజులకి పిల్లలు బయటికొచ్చి వెలుగున్న వైపు నడుస్తాయి, ఆ వెలుగు సముద్రానిది కావాలి, మీ కారుది కాకూడదు. తెగిన నైలాన్ దారం మాత్రం ఒక్క మూర కూడా వదలకండి, జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి పారేయండి.

ప్రశ్న: రాత్రి గాలం లాగుతుంటే దారం చుట్టూ నీళ్లు నీలంగా మెరిశాయి. ఏమిటది, ప్రమాదమా? – ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: కంటికి కనపడని చిన్న జీవులు, కదిలిస్తే వెలుగుతాయి. మీకేం కాదు. చేప మీ దారాన్ని చూసేస్తుందేమో అన్నది ఒకటే, అందుకే అలాంటి రాత్రి గాలం తక్కువసార్లు తీసి వేయండి. లేదంటే రాడ్ పక్కన పెట్టేసి తడి ఇసక మీద నడవండి, అడుగడుక్కీ మెరుస్తుంది, పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లు జన్మలో మర్చిపోరు.

ప్రశ్న: పట్టిన చేపల్లో తినకూడనివి ఉంటాయా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: పైకి తీయగానే గాలి మింగి బుడగలా ఉబ్బేది, నోట్లో చిలకముక్కులాంటి పళ్లున్నది పడితే గాలం తీసి నీళ్లలో వదిలేయండి. దాని విషం ఉడికించినా, వేయించినా పోదు, విరుగుడు మందు లేదు. కుక్కలకి, పిల్లులకి కూడా వేయకండి. మిగతావి పట్టిన వెంటనే ఐసులో పెట్టండి, కానాగంత చేపలైతే మరీను, రాత్రంతా ఐసు లేకుండా ఉన్నవి తింటే ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు రావచ్చు. అరచేతికి మించని చేపపిల్లల్ని బతికుండగానే వదిలేయండి, తడి చేత్తో పట్టుకుని, కెరటం వెనక్కి తీసేటప్పుడు.